మా గుట్ట మీద సున్నం గుర్తులు: కేంద్ర అటవీ మంత్రిత్వ శాఖకు బహిరంగ లేఖ

కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల మంత్రిత్వ శాఖ అధికారులకు నమస్కారం.

నాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో గుట్టల నడుమ ఉన్న ఒక కోయ గూడెం. పక్క ఊరి సర్కారు బడిలో టీచరుగా పనిచేస్తున్నాను. ఫిబ్రవరి చివర్లో ఒక ఆదివారం మా మేనత్తతో కలిసి తునికి కొమ్మ కొట్టడానికి గుట్టెక్కాను. ఆ రోజుల్లో పొదల్ని నేల దగ్గరికి కొడితేనే ఏప్రిల్, మే నెలల్లో లేత చిగురు వస్తుంది. బీడీలకు పనికొచ్చే ఆకు అదే. పైకి వెళ్ళేసరికి రాళ్ళకు సున్నం పూసి ఉంది. ఏటవాలు పొడుగునా కొంత దూరానికో తెల్లరాయి. మా అత్త కొడవలి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "మళ్ళీ వచ్చినట్టున్నారే" అంది. ఎవరని నేను అడగలేదు. ఆమె అడగనివ్వలేదు కూడా, గబగబా కిందికి దిగింది.

మేకలు కాసే పిల్లలు తర్వాత చెప్పారు. ఇద్దరు మనుషులు వచ్చారట. ఫోను పట్టుకుని గుట్ట చుట్టూ తిరిగారట. ఇది డిగ్రేడెడ్ ల్యాండ్ (క్షీణించిన భూమి) అనీ, గ్రీన్ స్కీములో పెడుతున్నామనీ, తొలకరికి గుంతలు తీస్తామనీ చెప్పి వెళ్ళారట. ఊళ్ళో పెద్దమనిషినెవరినీ కలవలేదు. గ్రామసభ మాటే ఎత్తలేదు. అందుకే ఈ లేఖ రాస్తున్నాను. కింది ఆఫీసుకు రాయొచ్చు కదా అంటారేమో. డిగ్రేడెడ్ అనే మాట కింది ఆఫీసులో పుట్టలేదు. అది మీ దగ్గర తయారై, మీ నియమాల్లో ఎక్కి, మీ లెక్కల మీద నడిచి, మా గుట్ట మీదికి సున్నం డబ్బాతో వచ్చింది.

ఆ గుట్ట సంగతి ముందు చెప్పాలి. 1995లో నేను ఆరో తరగతి. ఆ ఎండాకాలం మా ఊరి తూర్పు గుట్టంతా నరికించారు. ఏ సంస్థ నరికించిందో ఇక్కడ రాయను, నా గొడవ దానితో కాదు. నల్లమద్ది, బండారు, ఏగిస, చిరుమాను, తునికి, మొర్రి, చిల్ల, ఉసిరి, కరక్కాయ, అన్నీ పోయాయి. నరికినదాన్ని లారీలకెత్తి, మిగిలిన కొమ్మారెమ్మా కాల్చారు. తర్వాత ట్రాక్టర్లు పెట్టి మొదళ్ళు లేచిపోయేట్టు దున్నారు. వానలు పడగానే జామాయిల్ (యూకలిప్టస్) మొక్కలు వచ్చాయి. ప్లాస్టిక్ సంచుల్లో, వరసల్లో, అన్నీ ఒకటే ఎత్తు. వాటిని నాటిన కూలీలు కూడా మా ఊరివాళ్ళే. మా నాయన నాటాడు, మా అమ్మ నాటింది. కూలి డబ్బులతో ఆ ఏడు నాకు చెప్పులు కొన్నారు. ఈ మాట దాచిపెట్టి రాస్తే అబద్ధమవుతుంది కాబట్టి రాస్తున్నాను.

ఇప్ప చెట్లు మాత్రం వదిలారు. వాటిని నరకకూడదన్న రూలు ఉందట. గుట్ట మొత్తం మీద ఆరు మిగిలాయి. వాటిలో ఒకటి మా నాయనమ్మది. మాలో ఏ ఇప్ప ఎవరిదో పట్టా కాగితం ఉండదు గానీ ఊరంతటికీ తెలుసు. మార్చి వస్తే చాలు, ఆమె ముందు రోజే చెట్టు కింద ఊడ్చి, ఆకులు కాల్చి, నేల శుభ్రం చేసి పెట్టేది. పువ్వు తెల్లవారుజామున రాలుతుంది. కోడి కూయకముందే బుట్ట తీసుకుని వెళ్ళేవాళ్ళం. చీకట్లో పువ్వు కనపడదు, టప్ టప్ మని రాలే చప్పుడు వినపడుతుంది, వాసన వస్తుంది. వెలుతురు వచ్చేసరికి నేల మీద ముత్యాలు పోసినట్టుండేది. ఆ పువ్వు ఎండబెట్టి దాచుకుంటే వానాకాలం గింజలు లేని రోజుల్లో ఉడకబెట్టుకుని తినేవాళ్ళం. వానలు మొదలయ్యే ముందు కాయ, దానిలోంచి గింజ, గింజలోంచి నూనె. దీపానికీ అదే, కూరకూ అదే, పిల్లల ఒంటికీ అదే.

జామాయిల్ నరికిన ప్రతిసారీ కూపులో, అంటే నరికిన జాగాలో, మిగిలిన చెత్త కాలుస్తారు. ఆ ఆకులో నూనె ఉంటుంది, మంట గుప్పున లేస్తుంది. మొదటి కోతకు రెండు ఇప్పలు మాడిపోయాయి. రెండో కోతకు ఇంకో రెండు. నాయనమ్మ చెట్టు మూడో కోత దాకా నిలబడింది. రూలు ప్రకారం ఒక్క ఇప్పనూ ఎవరూ నరకలేదు. ఇప్పుడు ఒక్కటి మిగిలింది, గుట్ట అంచున, పొలాల వైపు.

ఆ తోటలోకి మీరెప్పుడైనా నడిచి వెళ్ళారా సార్? ఊరికే అడగడం లేదు, నిజంగా ఒకసారి రావాలని కోరుకుంటున్నాను. లోపల నీడ పల్చగా ఉంటుంది. కింద ఎండాకు తప్ప మరేమీ ఉండదు. గడ్డి సరిగా మొలవదు. ఆకును పశువు ముట్టదు, మేక కూడా ముట్టదు, కాపలా ఖర్చు తగ్గుతుందని ప్లాంటేషన్లవాళ్ళు ఈ చెట్టును మెచ్చుకునేది అందుకే. పుట్టగొడుగులు మర్చిపోయాం. మా చిన్నప్పుడు మొదటి పెద్ద వాన పడిన మూడో రోజు ఊళ్ళో ఆడవాళ్ళందరూ గుట్ట మీదే ఉండేవాళ్ళు. ఇప్పుడు మా బడి పిల్లల్ని ఎన్ని రకాల పుట్టగొడుగులు తెలుసని అడిగితే సంతలో అమ్మే తెల్లవి ఒకటే చెబుతున్నారు. గుట్ట కింది వాగులో శివరాత్రి దాటేదాకా నీళ్ళు పారేవి, ఇప్పుడు సంక్రాంతికే ఇసుక తేలుతోంది. వానలు తగ్గాయి, బోర్లు పెరిగాయి, అవీ కారణాలే. కానీ నాలుగేళ్ళకోసారి నరికి, మళ్ళీ పిలకలతో లేచే ఆ తోట తాగే నీళ్ళు కూడా ఆ గుట్టలోవే కదా.

ఇక మీ లెక్కల సంగతి.

ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా రెండేళ్ళకోసారి దేశంలో అడవి ఎంతుందో చెబుతుంది. 2023 నివేదిక ప్రకారం అడవులు 7,15,343 చదరపు కిలోమీటర్లు, దేశ విస్తీర్ణంలో 21.76 శాతం. బయటి చెట్లు కూడా కలిపితే 25.17 శాతం. పేపర్లలో పెద్ద అక్షరాలతో వచ్చింది, పచ్చదనం పెరిగిందని. అడవి అంటే ఏమిటో ఆ నివేదికే చెబుతుంది: ఒక హెక్టారుకు తగ్గని భూమిలో చెట్ల నీడ పది శాతం దాటితే అది అటవీ విస్తీర్ణమే. ఆ భూమి ఎవరిదో, అక్కడున్నది ఏ చెట్టో, దేనికి పెంచుతున్నారో అక్కర్లేదు. మామిడి తోటా అడవే, జామాయిల్ తోటా అడవే.

మా గుట్టకు ఆ లెక్క పెట్టి చూడండి. 1995కు ముందు అడవి. జామాయిల్ పెరిగాక అడవి. నరికిన ఏడు తగ్గుతుంది, పిలకలు లేచాక మళ్ళీ పెరుగుతుంది. ఆకాశంలోంచి చూసే ఉపగ్రహానికి పోయింది ఏమీ లేదు. ఇప్ప పువ్వు, తేనె, చిల్లగింజ, సారపప్పు, వాగు, మా నాయనమ్మ చెట్టు, ఇవేవీ ఆ లెక్కలో ఎప్పుడూ లేవు కాబట్టి పోయినట్టు కూడా రాసుకోలేదు. నాకు బాధంతా ఇక్కడే ఉంది. ఒకరు మన సొమ్ము తీసుకుంటే కనీసం పోయిందని పోలీస్ స్టేషన్‌లో రాయించుకోవచ్చు. మా అడవి పోయిందని రాయించుకోవడానికి కాగితం మీద చోటే లేదు, ఎందుకంటే కాగితం మీద అది ఉంది.

ఈ లెక్క ఇన్నాళ్ళూ పుస్తకాల్లోనే ఉండేది. ఇప్పుడు దాన్ని సరుకు చేశారు. 2023 అక్టోబరులో గ్రీన్ క్రెడిట్ నియమాలు తెచ్చారు. ఆ డిసెంబరులో దుబాయ్ వాతావరణ సదస్సులో ప్రధానమంత్రి దాన్ని ప్రపంచానికి చూపించారు. 2024 ఫిబ్రవరిలో పద్ధతి ప్రకటించారు: క్షీణించిన అటవీ భూముల్లో కంపెనీలు డబ్బు పెడితే అటవీ శాఖ మొక్కలు నాటుతుంది, హెక్టారుకు తక్కువలో తక్కువ 1,100 చెట్లు, చెట్టుకు ఒక క్రెడిట్. ఆ క్రెడిట్లతో కంపెనీ తాను వేరేచోట అడవి తీసుకున్నందుకు చేయాల్సిన పరిహార వనీకరణ బాధ్యతను తీర్చుకోవచ్చు. విమర్శలొచ్చాక 2025 ఆగస్టులో మార్చారు. ఇప్పుడు ఐదేళ్ళు ఆగాలి, చెట్ల నీడ 40 శాతానికి రావాలి, ఐదేళ్ళు దాటిన చెట్లకే క్రెడిట్. మొదటిదానికంటే నయమే, ఒప్పుకుంటాను. కానీ లెక్కపెట్టేది మళ్ళీ చెట్లనూ నీడనూ మాత్రమే.

నేను లెక్కలు చెప్పే టీచర్ని. హెక్టారుకు 1,100 అంటే ఒక్కో మొక్కకు తొమ్మిది చదరపు మీటర్లు, మూడు మీటర్లకో గుంత. గుట్ట అంచున మిగిలిన ఇప్ప కొమ్మలు ఎంతమేర పరుచుకున్నాయో మా ఎనిమిదో తరగతి పిల్లలతో అడుగులేసి కొలిపించాను. ఈ చివర నుంచి ఆ చివరకు అడ్డంగా పది మీటర్లు, నిలువుగా పది మీటర్లు. వృత్తవైశాల్యం వాళ్ళే కట్టారు, 78 చదరపు మీటర్లకు పైన. మీ పద్ధతిలో ఆ ఒక్క చెట్టు జాగాలో ఎనిమిది మొక్కలు పట్టాలి. ఎనిమిది క్రెడిట్లు రావాలంటే అక్కడ ఇప్ప ఉండకూడదు. పైగా ఇప్ప కాపుకు రావడానికి పదేళ్ళకు పైనే పడుతుంది. ఐదేళ్ళలో నీడ చూపించాలన్న గడువు పెడితే ఏ ఆఫీసరైనా ఏం నాటతాడు? త్వరగా ఎదిగేదే నాటతాడు. అతని తప్పు లేదు, మీరు పెట్టిన పరీక్షకు అతను అలాగే పాసవగలడు.

"క్షీణించిన" అని మీరంటున్న నేల మీద ఏముందో కూడా చెప్పాలి. సున్నం పూసిన ఆ నాలుగైదు ఎకరాల ఏటవాలు రాతినేల. అక్కడ కర్ర సరిగా ఎదగడం లేదని పోయిన కోత తర్వాత మళ్ళీ మొక్కలు పెట్టకుండా వదిలేశారు. జామాయిల్ మొదళ్ళు చాలావరకు చచ్చిపోయాయి. ఆ రాళ్ళ మధ్య ట్రాక్టరు నాగలి దిగని చోట పాత వేళ్ళు ఇంకా బతికే ఉన్నాయి. మూడు వానాకాలాలు. మొదట మోదుగ లేచింది, తర్వాత తునికి, చిల్ల. రాళ్ళ సందులో మొర్రి మొక్కలు రెండు నేనే చూశాను. అడ్డాకు తీగ పాకుతోంది. గడ్డి నడుముల దాకా వచ్చింది, మా ఊరి పశువులు వేసవిలో అక్కడే మేస్తున్నాయి. తునికి పొద అంటేనే పొట్టిగా ఉండాలి, ఎండ తగలాలి, అప్పుడే ఆకు. కిందటి మేలో మా అత్త ఒక్కతే అక్కడ రోజుకు వంద కట్టలు కోసింది, కట్టకు యాభై ఆకులు. చెట్టు నీడ తక్కువ కాబట్టి మీ మ్యాపులో అది పొదల నేల. మాకు మాత్రం ముప్పై ఏళ్ళ తర్వాత తిరిగొస్తున్న అడవి అదే. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్ళు పోయలేదు, దాని మీద రూపాయి ఖర్చు కాలేదు. అక్కడ గుంతలు తీయాలంటే ముందు దాన్ని పీకాలి.

ఒకచోట పోగొట్టిన అడవికి మరోచోట నాటిన మొక్క సరిపోతుందన్న నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు అర్థం కాదు. గ్రేట్ నికోబార్‌లో 130 చదరపు కిలోమీటర్ల అడవి తీసుకోవడానికి అనుమతిచ్చి, బదులు మొక్కలు హర్యానాలో నాటమన్నారు. సముద్రం నడుమ వానల అడవి ఎక్కడ, హర్యానా ఎక్కడ? మా తెలంగాణలోనే కాళేశ్వరం కోసం 3,168 హెక్టార్ల అటవీ భూమి పోయింది. దానికి బదులు మొక్కలంటే అవి ఎవరి భూముల్లోకి వస్తాయో ఏజెన్సీలో చిన్నపిల్లాడినడిగినా చెబుతాడు. పోడు చెలకల్లోకి, పశువుల బీళ్ళలోకి. 2019 జూన్‌లో ఆసిఫాబాద్ జిల్లా సార్సాలలో మొక్కలు నాటించడానికి ట్రాక్టర్లతో వెళ్ళిన అటవీ అధికారుల మీద దాడి జరిగింది. ఒక మహిళా అధికారి తీవ్రంగా గాయపడింది. ఆ దాడిని నేను ఏ రకంగానూ సమర్థించను, కర్రతో కొట్టడం తప్పే. మా అటవీ బీటులో పనిచేసే అబ్బాయి నా దగ్గర ఐదో తరగతి చదివినవాడు. వాణ్ణి కొట్టినా నా పిల్లాణ్ణి కొట్టినట్టే, వాడు మా అత్త కొడవలి లాక్కున్నా నాకు అంతే నొప్పి. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టింది ఎక్కడో కుదిరిన ఒక బదులు లెక్క.

ఆ బదులు మొక్కలైనా బతుకుతున్నాయా? 2013లో కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే సంస్థ) చెప్పిన మాట మీకు గుర్తుండే ఉంటుంది. 2006 నుంచి 2012 దాకా అడవులకు బదులుగా రావాల్సిన అటవీయేతర భూమి లక్షా మూడు వేల హెక్టార్ల పైచిలుకు. వచ్చింది 28 వేల హెక్టార్లు. మొక్కలు నాటింది 7,280 హెక్టార్లలో. డబ్బు మాత్రం పోగైంది. 2019 ఆగస్టులో కంపా నిధి (తీసుకున్న అడవికి బదులుగా కట్టించుకున్న డబ్బు) నుంచి 27 రాష్ట్రాలకు 47,436 కోట్ల రూపాయలు పంచారు. తెలంగాణకు మూడు వేల కోట్ల పైనే వచ్చింది. హిమాచల్‌లోని కాంగ్రాలో దశాబ్దాలుగా నాటిన మొక్కల్ని పరిశోధకులు ఉపగ్రహ చిత్రాలతో పోల్చి చూసి 2021లో తేల్చిందేమిటంటే, అన్నేళ్ళు నాటినా అడవి చెప్పుకోదగ్గట్టు పెరగలేదు, ఊళ్ళకు పనికొచ్చే చెట్లూ పెరగలేదు. ఇంత డబ్బు ఖర్చుపెట్టి ఫలితం ఇదైతే, ఒక్కసారైనా ఆగి, వేరేలా చేద్దామా అని మా లాంటి ఊళ్ళను అడిగి ఉండాల్సింది.

వాతావరణం కోసం, కార్బన్ కోసం అంటారు. 2030 నాటికి చెట్లతో 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ అదనంగా పట్టి ఉంచుతామని పారిస్ ఒప్పందం నాడు దేశం మాటిచ్చింది. మంచి మాటే, ఎండలు ఎలా ముదురుతున్నాయో రేకుల బడిలో పాఠం చెప్పే నాకు బాగా తెలుసు. కానీ జామాయిల్ పట్టిన కార్బన్ ఎంతకాలం పట్టి ఉంచుతుంది? నాలుగేళ్ళకు నరుకుతారు, గుజ్జు చేస్తారు, కాగితం అవుతుంది, చించి పారేస్తాం, మళ్ళీ గాల్లోకే. ఉమ్మడి ఖమ్మం జిల్లాలోనే ఒక కాగితపు కంపెనీ రైతుల భూముల్లో పెట్టించిన 3,000 హెక్టార్ల పైచిలుకు జామాయిల్ 2009లో ఐక్యరాజ్యసమితి క్లీన్ డెవలప్‌మెంట్ మెకానిజం (కార్బన్ తగ్గించే పనులకు అమ్ముకోదగ్గ క్రెడిట్లు ఇచ్చే పథకం) కింద కార్బన్ ప్రాజెక్టుగా నమోదైంది. కర్రకు కర్ర డబ్బు, గాలికి గాలి డబ్బు. 2019లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక విశ్లేషణ, ఒకే విస్తీర్ణంలో సహజంగా పెరగనిచ్చిన అడవి ప్లాంటేషన్ కంటే నలభై రెట్లు ఎక్కువ కార్బన్ పట్టి ఉంచుతుందని లెక్కకట్టింది. పాడైన అడవుల్ని బాగుచేసే అంతర్జాతీయ కార్యక్రమం బాన్ ఛాలెంజ్ కింద దేశాలు మాటిచ్చిన భూముల్లో దాదాపు సగం, 45 శాతం, ఇలాంటి వ్యాపార తోటలకే పోతోందని కూడా అందులోనే ఉంది. మన దేశం ఆ ఛాలెంజ్‌లో 2 కోట్ల 60 లక్షల హెక్టార్లకు మాటిచ్చింది. అంత భూమి ఎక్కడుంది సార్? మీ మ్యాపులో ఖాళీగా కనిపించే చోటల్లా మా గూడేలే ఉన్నాయి.

జామాయిల్ మీద నాకు పగ లేదు. ప్రకాశం జిల్లాలో, మా ఖమ్మం మైదానంలో ఎంతోమంది రైతులు సొంత చేలల్లో జామాయిల్, సుబాబుల్, సరుగుడు వేసుకుంటున్నారు. పత్తి మీద దెబ్బతిన్నవాడికి అది ఒక ఆసరా. నోటుపుస్తకాలు లేకుండా నా బడి నడవదు. కాగితానికి కర్ర కావాలి, దాన్ని రైతుల చేత పెంచించుకోమనే 1988 జాతీయ అటవీ విధానం చెప్పింది. పరిశ్రమలకు కావాల్సిన తోటల కోసం సహజ అడవుల్ని ఇవ్వకూడదని కూడా అందులోనే రాసి ఉంది. 1970లలో జాతీయ వ్యవసాయ కమిషన్ మనిషి తయారుచేసే అడవులు కావాలనీ, దానికి కార్పొరేషన్లు పెట్టమనీ చెప్పిన మాటను ఆ విధానం ఒకరకంగా సరిదిద్దింది. సరిదిద్దిన ఏడేళ్ళకు కూడా మా గుట్టను నరికారు. ఇప్పుడు పచ్చ ఆర్థిక వ్యవస్థ అనే కొత్త పేరుతో అదే పాత దారి.

ఈ బాధ మా ఒక్కరిదే అయితే ఇంత పొడుగు రాయను. 1970ల చివర్లో ఇప్పటి జార్ఖండ్‌లోని సింగ్‌భూమ్ ఆదివాసులు టేకు మొక్కల్ని పీకేశారు. గుగ్గిలం (సాల్) చెట్ల అడవిని తీసి టేకు పెడుతున్నందుకు. గుగ్గిలం వాళ్ళకు గింజ, ఆకు, పండుగ, దేవుడు. టేకు దూలం తప్ప ఇంకేమీ కాదు. వాళ్ళను పోలీసు తుపాకులతో అణిచారు. మాకు నది అవతల బస్తర్‌లో గుగ్గిలం కొట్టేసి ప్రపంచబ్యాంకు సాయంతో పైన్ చెట్లు పెంచాలని చూశారు, ఆదివాసులు ఎదురుతిరిగాక ఆపేశారు. కర్ణాటకలో ధార్వాడ్ ప్రాంతపు కుస్నూరు ఊరివాళ్ళు 1987లో పాలీఫైబర్ కంపెనీ కోసం ఊరి బీళ్ళలో పెట్టిన జామాయిల్ మొక్కల్ని పీకి, ఆ గుంతల్లోనే తమకు పనికొచ్చే మొక్కలు నాటారు. పీకు, నాటు అని ఆ ఉద్యమం పేరు. ముప్పై ఏళ్ళకు, 2017లో, అదే కర్ణాటక ప్రభుత్వం భూగర్భ జలాలు పోతున్నాయని జామాయిల్ నాటడమే నిషేధించింది. ఊరివాళ్ళు ఎప్పుడో చూసిన సంగతి ప్రభుత్వానికి కనపడడానికి అన్నేళ్ళు పట్టింది. మాకు ఇంకో ముప్పై ఏళ్ళు ఆగే ఓపిక లేదు, మా అత్తకు అరవై ఎనిమిది.

చట్టం మాకు ఓ మాట ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ఊరి పొలిమేరలో మేము తరతరాలుగా వాడుకుంటున్న అడవిని కాపాడుకునే, పునరుద్ధరించుకునే, నిర్వహించుకునే హక్కు మా గ్రామసభది. 2009 ఆగస్టులో మీ మంత్రిత్వ శాఖే ఒక సర్క్యులర్ ఇచ్చింది, గ్రామసభ సమ్మతి లేకుండా అటవీ భూమి మళ్ళించడానికి ప్రతిపాదన పంపొద్దని. మా ఊళ్ళో ఆ కాగితం జిరాక్స్ తీసి ఇళ్ళలో దాచుకున్నవాళ్ళున్నారు. 2022 అటవీ సంరక్షణ నియమాల్లో ఆ మెట్టు తీసేశారు. ముందు మీరు అనుమతి ఇచ్చేస్తారు, హక్కుల సంగతి తర్వాత రాష్ట్రం చూసుకోవాలి. అనుమతి ఇచ్చేశాక మమ్మల్ని అడిగేదేముంటుంది? ఆ నియమాలను ఆపమని జాతీయ ఎస్టీ కమిషనే మీకు లేఖ రాసింది. 2023లో అటవీ సంరక్షణ చట్టం పేరూ మారింది, సవరణలూ వచ్చాయి. మొక్కలు నాటే స్కీములకైతే సమ్మతి అన్న మాటే వినపడడం లేదు, నాటడం మంచిపనే కదా, దానికి అడగడం దేనికి అన్నట్టు.

మా గ్రామసభ సామూహిక అటవీ వనరుల హక్కు కోసం దరఖాస్తు పెట్టి ఏడేళ్ళయింది. హద్దులు మేమే నడిచి గీశాం. ముసలివాళ్ళు ముందు నడిచారు, కుర్రాళ్ళు ఫోన్లలో గుర్తులు పెట్టారు. మూడు రోజులు పట్టింది. ఆ మ్యాపులో సున్నం రాళ్ళున్న ఏటవాలు కూడా ఉంది, దాని పేరు కూడా రాశాం, మా నాయనమ్మ పిలిచిన పేరే. ఏడేళ్ళుగా ఫైలు ఎక్కడుందో అడిగినప్పుడల్లా పరిశీలనలో ఉందంటారు. ఫోను పట్టుకుని గుట్ట చుట్టూ తిరిగిన ఆ ఇద్దరి మ్యాపు మాత్రం ఒక్క పూటలో తయారైంది.

మీ నుంచి కోరేది పెద్ద పెద్ద సంగతులు కావు. అటవీ నివేదికలో సహజ అడవిని వేరుగా, తోటల్ని వేరుగా రాయించండి. జామాయిల్ని జామాయిల్ అనే రాయండి, తప్పేముంది? గ్రీన్ క్రెడిట్‌కు గానీ కంపా మొక్కలకు గానీ ఒక భూమిని ఎంచే ముందు ఆ ఊరి గ్రామసభ తీర్మానం ఉండాలని నియమంలో రాయండి, హక్కుల దరఖాస్తు పెండింగ్‌లో ఉన్నచోట అసలు ముట్టుకోవద్దని రాయండి. గుంతలు తీయకుండా, ఉన్న మొదళ్ళను కాపాడితే లేచే అడవికి కూడా డబ్బు కేటాయించి, ఆ డబ్బు గ్రామసభ చేతికివ్వండి. నిప్పు రాకుండా చూడటానికి, రెండేళ్ళు మేకల్ని ఒక పక్కకు మళ్ళించడానికి మా కుర్రాళ్ళకు ఏడాది పొడుగునా పని ఉంటుంది. నాటే కూలి నెల రోజులకు మించదు. ఏ చెట్టు ఎక్కడ లేస్తుందో, దేని గింజ ఎప్పుడు చల్లాలో మా అత్త చెబుతుంది, ఆమెకు కన్సల్టెన్సీ ఫీజు అక్కర్లేదు.

బడిలో మొన్న పర్యావరణం పాఠం చెబుతుంటే ఒక పిల్ల లేచి అడిగింది, "టీచర్, చెట్లు నాటితే మంచిదని పుస్తకంలో ఉంది కదా, మరి గుట్ట మీద నాటితే మీరెందుకు వద్దంటున్నారు?" అని. పిల్లలందరినీ గుట్ట అంచున ఉన్న ఇప్ప దగ్గరికి తీసుకెళ్ళాను. కింద కూర్చోబెట్టి ఏమేం కనబడుతున్నాయో రాయమన్నాను. ముప్పై ఒకటి రాశారు, చీమల దగ్గర్నుంచి తొర్రలో చిలకల దాకా. తర్వాత పక్కనే జామాయిల్ వరసల్లోకి తీసుకెళ్ళి మళ్ళీ రాయమన్నాను. నాలుగు రాసి ఆగిపోయారు. ఆ పిల్ల ఐదోది వెతుకుతూ చాలాసేపు తిరిగింది. ఆ రెండు కాగితాలూ ఈ లేఖతో పాటు మీకు పోస్టులో పంపుతున్నాను.

తొలకరి జూన్ రెండో వారంలో మొదలవుతుంది. గుంతలు అంతకుముందే, మే నెలాఖరులో తీస్తారు. అప్పటికి తునికాకు కోత అయిపోయి ఉండదు. ఆ ఏటవాలు మీద గుంతలు తీయవద్దని ఒక్క ఆర్డరు మే నెలలోపు రావాలి. వస్తే సున్నం మేమే కడిగేస్తాం.

ఇట్లు,
భద్రాద్రి కొత్తగూడెం జిల్లా నుంచి ఒక కోయ టీచరు